మధ్యాహ్నం దొరికే సెన్సార్ తెల్లారుజామున ఎందుకు దొరకట్లేదు? (3.3 – 1.8 వోల్టుల లెవెల్ షిఫ్టర్)

చెరువుగట్టు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల కోసం నీళ్ల రంగు చూసే చిన్న పెట్టె ఒకటి చేస్తున్నాను. లోపల ఈఎస్పీ32 మైక్రోకంట్రోలర్, అది 3.3 వోల్టులది. రంగు సెన్సార్ 1.8 వోల్టులది, ఐ2సీ (డేటా, క్లాక్ అనే రెండు లైన్ల బస్సు) మీద మాట్లాడుతుంది. సెన్సార్ నీళ్ల దగ్గర ఉండాలి కాబట్టి బోర్డు నుంచి 2 మీటర్ల క్యాట్5 నెట్‌వర్క్ కేబుల్ లాగాను. మధ్యలో ఆ రెండు వోల్టేజిలనీ కలిపే లెవెల్ షిఫ్టర్ అందరూ వాడే బీఎస్ఎస్138 సర్క్యూటే. లైనుకొక మాస్‌ఫెట్ (గేట్ వోల్టేజితో తెరుచుకునే ట్రాన్సిస్టర్), గేట్ 1.8కి, సోర్స్ సెన్సార్ వైపు, డ్రెయిన్ ఈఎస్పీ వైపు, రెండు వైపులా లైనుని పైకి లేపే 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్లు. షిఫ్టర్ మెయిన్ బోర్డు మీదే ఉంది.

నేను చేత్తో సోల్డర్ చేసుకున్న మొదటి రెండు బోర్డులు నాలుగు నెలలుగా నడుస్తున్నాయి, ఒక్కరోజూ ఇబ్బంది పెట్టలేదు. ఆ ధైర్యంతో 20 బోర్డులు బయట అసెంబ్లీకి ఇచ్చాను. వాటిలో 7 అసలు సెన్సార్‌నే చూడట్లేదు. 4 బాగున్నాయి. మిగతా తొమ్మిదితోనే నా బాధంతా. మధ్యాహ్నం స్కాన్ చేస్తే సెన్సార్ అడ్రసు హెక్స్ 39 అని చక్కగా కనబడుతుంది. తెల్లారుజామున నాలుగు, ఐదు మధ్య మాయం. ఎండెక్కాక మళ్లీ ప్రత్యక్షం. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా ఆ వేళలోనే. రైతు లేచి ఫోన్ చూసుకునేదీ అప్పుడే.

కోడ్ ఒకటే, స్కీమాటిక్ ఒకటే, బోర్డు తయారీకి ఇచ్చే గెర్బర్ ఫైళ్లూ అవే. తేమేమో అనుకుని ఒక పెట్టెలో సిలికా జెల్ సంచులు కుక్కి చూశాను, ఏం తేడా లేదు. ఎక్కడ వెతకాలి?

---

వైల్‌వన్ · సోమవారం, రాత్రి 9:58

కోడ్‌లో రీట్రై పెట్టు బ్రో. పదిసార్లు అడిగితే ఒకసారైనా పలుకుతుంది. క్లాక్ 10 కిలోహెర్ట్జ్‌కి దింపి కూడా చూడు.

---

చెరువుగట్టు · సోమవారం, రాత్రి 10:05

రెండూ చేశాను అన్నా. రీట్రై యాభై దాకా పెంచాను. పలకనిది పలకట్లేదు.

---

పాత_స్కోపు · సోమవారం, రాత్రి 10:31

రీట్రైలు తర్వాత. ముందు కొలిచి చెప్పు బాబూ, మనం ఊహలు ఆపుదాం.

ఒకటి, ఈఎస్పీ లైనుని కిందికి లాగినప్పుడు 3.3 వైపు ఎన్ని వోల్టులు, 1.8 వైపు ఎన్ని? "లో అయింది" అని రాయకు, సంఖ్య రాయి. రెండు, సెన్సార్ లాగినప్పుడు, అంటే ఎనిమిది బిట్లు విన్నాక "అందింది" అని జవాబిచ్చే తొమ్మిదో క్లాకు దగ్గర, అవే రెండు సంఖ్యలు. పలకని బోర్డు మీద ఒకసారి, పలికే బోర్డు మీద ఒకసారి. మల్టీమీటర్‌తో ఇది తెలియదు, స్కోప్ కావాలి. ప్రోబ్ 10ఎక్స్‌లో పెట్టుకో. 1ఎక్స్‌లో పెడితే ప్రోబ్ కెపాసిటెన్సే లైనుకి బరువవుతుంది.

ఇంకొకటి. ఆ మాస్‌ఫెట్ నెత్తిన ఏం రాసి ఉందో భూతద్దం పెట్టి చదువు.

---

కోఠి_కుర్రాడు · సోమవారం, రాత్రి 10:50

ఇంత తలనొప్పి ఎందుకన్నా? మా గుజరాతీ గల్లీలో టీఎక్స్ఎస్0108ఈ లెవెల్ షిఫ్టర్ మాడ్యూల్ రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఎనిమిది చానళ్లు, పుల్-అప్‌లు కూడా లోపలే. పెట్టి మర్చిపోవడమే.

---

మిల్లీఓమ్ · సోమవారం, రాత్రి 11:12

పొట్టి జంపర్ వైర్లకైతే సరే. 2 మీటర్ల కేబుల్ మీద అది మర్చిపోనివ్వదు. ఆ చిప్పులో అంచు పైకి లేవడం మొదలవ్వగానే క్షణకాలం గట్టిగా తోసే వన్-షాట్ ఒకటి ఉంటుంది. పొడుగు వైరు మీద వచ్చే రింగింగ్‌ని (అంచు తర్వాతి ఊగిసలాటని) కూడా అది అంచే అనుకుని తోస్తుంది. ఒక క్లాక్‌కి రెండు క్లాకులు పుడతాయి. నాకు అనుభవమే, ఒక వారం పోయింది.

దానికి బదులు టీఎక్స్‌బీ0108 తెచ్చుకుంటే ఇంకో గోల. దాని అవుట్‌పుట్‌లో వరసగా 4 కిలో ఓమ్‌లు ఉంటాయి. ఐ2సీ పుల్-అప్ తగిలించగానే ఆ రెండూ కలిసి వోల్టేజిని పంచే డివైడర్ అయిపోతాయి. పైన రెసిస్టర్ పెట్టాల్సి వస్తే 50 కిలో ఓమ్‌లకి మించే పెట్టమని డేటాషీటే చెబుతుంది. ఓపెన్ డ్రెయిన్ (చిప్పులు కిందికి లాగడమే తప్ప పైకి తోయని) బస్సుకి అది సరిపడదు. పేరులో ఒక్క అక్షరమే తేడా, పనిలో మాత్రం చాలా తేడా.

పాత_స్కోపు గారు అడిగిన నాలుగు సంఖ్యలూ రానివ్వండి. నాకో అనుమానం ఉంది, కానీ ముందే చెప్పను.

---

చెరువుగట్టు · బుధవారం, సాయంత్రం 6:20

మా ఊరి ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో స్కోప్ అడిగి తీసుకున్నాను. తెల్లారుజాము దాకా ఆగకుండా బోర్డుని జిప్‌లాక్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచాను. బయటికి తీయగానే కొలిచినవి ఇవి.

ఈఎస్పీ లాగినప్పుడు 3.3 వైపు 0.03 వోల్టులు, 1.8 వైపు 0.6 వోల్టులు.

సెన్సార్ లాగినప్పుడు 1.8 వైపు 0.05. 3.3 వైపు మాత్రం పూర్తిగా దిగట్లేదు, 1.2 దగ్గర వేలాడుతోంది. మొదటి ఎనిమిది బిట్లు పలకల్లా అందంగా ఉన్నాయి. తొమ్మిదోది ఒక్కటే సగం దిగిన షట్టర్‌లా ఉంది.

అప్పుడు మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి మాస్‌ఫెట్ మీద పెట్టాను. తెర మీద ఆ గీత కళ్లముందే దిగడం మొదలైంది. 1.0, 0.9, 0.8... అక్కడ ఉండగానే సీరియల్ మానిటర్‌లో హెక్స్ 39 వచ్చేసింది. డ్రయ్యర్ తీసేసి ఊదితే ఒక నిమిషంలో మళ్లీ మాయం. మూడుసార్లు చేసి చూశాను.

పాత బోర్డు మీద అవే కొలిస్తే నాలుగు చోట్లా 0.1 లోపే ఉంది.

---

మిల్లీఓమ్ · బుధవారం, సాయంత్రం 6:41

ఆ 0.6 చూశారా, అది మీ మాస్‌ఫెట్ సంతకం. లైనుని లాగింది మాస్‌ఫెట్ కాదు, దాని లోపలి బాడీ డయోడ్. మార్కింగ్ చదివారా?

---

చెరువుగట్టు · బుధవారం, సాయంత్రం 7:15

ఇప్పుడే చదివాను మేడమ్. గడియారాలు బాగుచేసే మా బాబాయ్ దగ్గర కంటికి పెట్టుకునే లూప్ ఉంది. పాత బోర్డు మీద ఎస్ఎస్ అని ఉంది. కొత్త బోర్డుల మీద 7002 అని ఉంది. ఇరవై బోర్డుల మీదా అదే.

---

పాత_స్కోపు · బుధవారం, సాయంత్రం 7:22

దొంగ దొరికాడు.

---

చెరువుగట్టు · బుధవారం, రాత్రి 8:02

అసెంబ్లీ వాళ్లకి ఫోన్ చేశాను. "బీఎస్ఎస్138 స్టాకు లేదు సార్, 2ఎన్7002 ఈక్వివలెంటే కదా, అదే పిన్‌ఔట్, అదే ప్యాకేజీ, ఇంకా 60 వోల్టులు తట్టుకుంటుంది, మీది 50 వోల్టులదే" అన్నారు. నాకు మంచిదే పెట్టామన్నట్టు చెప్పారు. బీఓఎమ్‌లో (విడిభాగాల జాబితాలో) ప్రత్యామ్నాయం వద్దు అని నేను రాయలేదు, అది నిజమే.

---

థర్డ్ఇయర్_ఈసీఈ · బుధవారం, రాత్రి 8:20

సార్, మేడమ్, నాకు అర్థం కాలేదు. రెండూ ఎన్-చానల్ మాస్‌ఫెట్‌లే కదా. 1.8 వైపు 0.6 ఎలా వచ్చింది? మా ల్యాబ్‌లో మాస్‌ఫెట్ అంటే ఆన్ లేదా ఆఫ్, అంతే చెప్పారు.

---

మిల్లీఓమ్ · బుధవారం, రాత్రి 9:05

మంచి ప్రశ్న, తీరిగ్గా చెబుతాను.

ముందు ఈ సర్క్యూట్ ఏం చేయదో తెలుసుకో. ఇది ఎవరినీ పైకి తోయదు. పైకి లేపేవి పుల్-అప్ రెసిస్టర్లు. కిందికి లాగేది ఆ చివరో ఈ చివరో ఉన్న చిప్పు. మధ్యలో ఉన్న మాస్‌ఫెట్ ఒట్టి తూము. ఎవరైనా కిందికి లాగితే తెరుచుకుని రెండు వైపులా కలపాలి, ఎవరూ లాగకపోతే మూసుకుని ఎవరి నీళ్లు వాళ్లకి వదిలేయాలి. దీన్ని పాసివ్ అనేది అందుకే.

గేట్ ఎప్పుడూ 1.8 దగ్గరే కట్టేసి ఉంటుంది. ఎవరూ లాగనప్పుడు సోర్స్ కూడా 1.8, గేట్‌కీ సోర్స్‌కీ తేడా సున్నా, తూము మూత.

సెన్సార్ లాగిందనుకో. సోర్స్ సున్నాకి వస్తుంది, తేడా 1.8 అవుతుంది. ఈ 1.8 వోల్టుల తోపుకే తూము తెరుచుకోవాలి.

ఈఎస్పీ లాగితే కథ వేరు. డ్రెయిన్ సున్నాకి వచ్చింది, కానీ సోర్స్ ఇంకా 1.8 దగ్గరే ఉంది, తూము మూసే ఉంది. అప్పుడు సోర్స్ నుంచి డ్రెయిన్‌కి ఉన్న బాడీ డయోడ్ ముందు కదులుతుంది. 10 కిలో ఓమ్‌ల మీదుగా వచ్చే 0.1 మిల్లీ ఆంపియర్‌ని మోస్తూ సోర్స్‌ని సుమారు 0.6 దాకా దింపుతుంది. ఇప్పుడు గేట్ – సోర్స్ తేడా 1.2. మంచి మాస్‌ఫెట్ అయితే ఇక్కడ తెరుచుకుని మిగతా 0.6ని తనే దింపేస్తుంది. అందుకే పాత బోర్డు మీద 0.1 లోపు. తెరుచుకోకపోతే డయోడ్ ఆపిన చోటే ఆగిపోతుంది.

ఇక సంఖ్యలు. బీఎస్ఎస్138 థ్రెషోల్డ్ (తెరుచుకోవడం మొదలయ్యే గేట్ – సోర్స్ తేడా) 0.8 నుంచి 1.5 వోల్టులు, మామూలుగా 1.3. 2ఎన్7002కి 1.0 నుంచి 2.5 దాకా, మామూలుగా 2.1. మనం ఇస్తున్నది 1.8. 2.1 కావాల్సిన దానికి 1.8 ఇస్తే ఏమవుతుంది? "ఆన్ లేదా ఆఫ్" అయితే ఆఫ్ అనాలి. నిజంలో థ్రెషోల్డ్ అనేది గోడ కాదు. 250 మైక్రో ఆంపియర్లు పారడం మొదలయ్యే చోటుకి పెట్టిన గుర్తు, అంతే. దానికి కాస్త కింద కూడా కొంచెం కొంచెం కారుతూనే ఉంటుంది. 3.3 వైపు 10 కిలో ఓమ్‌లని పూర్తిగా కిందికి లాగాలంటే 330 మైక్రో ఆంపియర్లు కావాలి. చెరువుగట్టు గారి ముక్క 210 మాత్రమే ఇచ్చింది. 210 ఇంటూ 10 కిలో అంటే 2.1 వోల్టులు. 3.3 లోంచి 2.1 తీస్తే ఆయన చూసిన 1.2.

ఈఎస్పీ32 "లో" (సున్నా) అని ఖాయంగా ఒప్పుకునేది సరఫరాలో పావు వంతు కింద, అంటే 0.82 లోపు. డ్రయ్యర్ గీత 0.8 దగ్గరికి రాగానే పలకడం అందుకే. వేడెక్కితే థ్రెషోల్డ్ తగ్గుతుంది, డిగ్రీకి రెండు మూడు మిల్లీవోల్టులు. గుర్తు దగ్గర ఉన్న ముక్కకి ఆ కాస్తే చాలు. మధ్యాహ్నం పెట్టె లోపలి వేడికి తెరుచుకుంది, తెల్లారుజామున మూసుకుంది.

బాగున్న నాలుగు బోర్డులూ బాగున్నట్టు కాదు. వాటి ముక్కల థ్రెషోల్డ్ అదృష్టం కొద్దీ తక్కువ, అంతే. వాటినీ మార్చండి.

---

థర్డ్ఇయర్_ఈసీఈ · బుధవారం, రాత్రి 9:30

210 లెక్క చూసి కళ్లు తెరుచుకున్నాయి మేడమ్. అంటే సెన్సార్ అన్నిసార్లూ వింటూనే ఉంది, సమాధానం చెబుతూనే ఉంది, ఈఎస్పీకే వినబడలేదు!

---

మిల్లీఓమ్ · బుధవారం, రాత్రి 9:33

అంతే. అయితే 0.6 కూడా సెన్సార్‌కి కచ్చితంగా "లో" కాదు. ఐ2సీ ప్రకారం సరఫరాలో 30 శాతం, అంటే 0.54 లోపు ఉండాలి. ఇక్కడ దయతలచి విన్నది. అసలు పలకని ఏడు బోర్డుల్లో అదీ జరగకపోయి ఉండొచ్చు.

---

వైల్‌వన్ · బుధవారం, రాత్రి 9:41

రీట్రై సలహా వెనక్కి తీసుకుంటున్నా. 😄

---

పాత_స్కోపు · బుధవారం, రాత్రి 10:10

ఈ సర్క్యూట్ ఎక్కడిదో పిల్లలకి తెలియాలి. ఐ2సీ ఫిలిప్స్ వాళ్లది, 1982 నాటిది. ఈ ఒక్క మాస్‌ఫెట్ షిఫ్టర్ కూడా ఫిలిప్స్ సెమీకండక్టర్స్ 1997లో ఇచ్చిన అప్లికేషన్ నోట్ ఏఎన్97055తోనే ఊరూరా పాకింది. తర్వాత కంపెనీ ఎన్ఎక్స్‌పీ అయ్యాక అదే విషయాన్ని ఏఎన్10441గా మళ్లీ వేశారు. అప్పట్లో అందరి గొడవా 5 వోల్టులకీ 3.3కీ మధ్య. గేట్ 3.3కి కడితే 2ఎన్7002 కూడా చాలావరకు గట్టెక్కేది. మాస్‌ఫెట్ ఏదైనా ఒకటే అన్న నమ్మకం ఆ రోజుల్లోనే పాతుకుపోయింది. ఇప్పుడు కింది వైపు 1.8కి వచ్చింది, రేపు 1.2 అంటారు. నమ్మకం మాత్రం మారలేదు.

నా మాట, బీఎస్ఎస్138 కూడా ఇక్కడ అంచు మీదే నడుస్తోంది. థ్రెషోల్డ్ 1.5 ఉన్న ముక్క వచ్చి, లాగే చిప్పు 0.4 దగ్గర ఆపిందనుకో, గేట్ – సోర్స్ తేడా 1.4 మాత్రమే. తూము తెరుచుకోదు. మళ్లీ ఇదే కథ.

---

కోఠి_కుర్రాడు · బుధవారం, రాత్రి 10:25

పెద్దాయనా, మరీ అంత భయపెట్టకండి. 0.4 అనేది 3 మిల్లీ ఆంపియర్లు లాగేటప్పటి మాట. 10 కిలో ఓమ్‌లతో దాదాపు అరమిల్లీ మాత్రమే, ఆయన స్కోప్‌లో 0.05 వచ్చింది. తేడా 1.75. పైగా బీఎస్ఎస్138 థ్రెషోల్డ్ కొలిచేది 1 మిల్లీ ఆంపియర్ దగ్గర. 1.5 ఉన్న చెత్త ముక్క కూడా ఈ పని చేస్తుంది.

---

పాత_స్కోపు · బుధవారం, రాత్రి 10:44

10 కిలో ఓమ్‌లతో అయితే ఒప్పుకుంటా. ఆ 10 కిలో ఉంచగలడా అన్నదే నా ప్రశ్న. 2 మీటర్ల కేబుల్ ఉంది, మర్చిపోయావు.

క్యాట్5 జంటకి మీటరుకి సుమారు 50 పికోఫారడ్లు. 2 మీటర్లకి 100, పిన్నులు ట్రాకులు కలిపి ఇంకో 50 వేసుకో, 150. ఐ2సీలో 30 శాతం నుంచి 70 శాతానికి లేచే సమయం 0.85 ఇంటూ రెసిస్టర్ ఇంటూ కెపాసిటెన్స్. 10 కిలోకి 1.27 మైక్రో సెకన్లు. 100 కిలోహెర్ట్జ్‌కి హద్దు 1 మైక్రో సెకను. అంటే నెమ్మది మోడ్‌లోనే హద్దు దాటాడు. 2.2 కిలో పెడితే 0.28, 400 కిలోహెర్ట్జ్‌కి కావాల్సిన 0.3కి కూడా సరిపోతుంది.

కానీ 2.2 కిలో పెట్టగానే తూము మోయాల్సిన నీళ్లు నాలుగున్నర రెట్లు. కేబుల్‌కి బలమైన పుల్-అప్ కావాలి, బలహీనమైన మాస్‌ఫెట్‌కి మెత్తని పుల్-అప్ కావాలి. ఇద్దరినీ ఒకేసారి ఒప్పించలేం.

---

మిల్లీఓమ్ · గురువారం, ఉదయం 7:50

ఆ గొడవ తీర్చేదే పీసీఏ9306 అనే షిఫ్టర్ చిప్పు. అదీ పాసివే, అదీ ఎన్-చానల్ తూమే. గేట్‌ని ఎక్కడ కట్టారన్నదే తేడా. చిప్పులో మూడో మాస్‌ఫెట్ ఒకటి ఉంటుంది, బస్సు కోసం కాదు, కొలత కోసం. దాని గేట్, డ్రెయిన్ కలిపి 200 కిలో ఓమ్‌ల మీదుగా 3.3కి, సోర్స్ 1.8కి. దాంతో గేట్ తనంతట తానే 1.8 ప్లస్ ఒక థ్రెషోల్డ్ దగ్గర నిలబడుతుంది. అదే గేట్ మిగతా రెండు తూములకీ. థ్రెషోల్డ్ ఎంత ఉన్నా, వేడికి ఎంత జరిగినా, గేట్ కూడా అంతే జరుగుతుంది. కిందికి లాగినప్పుడు తూముకి పూర్తి 1.8 వోల్టుల అదనపు తోపు దొరుకుతుంది. మన బీఎస్ఎస్138లో ఆ 1.8 లోంచే థ్రెషోల్డ్ తినేస్తుంది కదా.

ఎల్ఎస్ఎఫ్0102 కూడా ఇదే జాతి. రెండింటికీ ఒక షరతు, పై సరఫరా కింది దానికన్నా దాదాపు ఒక వోల్టు ఎక్కువ ఉండాలి. 3.3, 1.8 హాయిగా సరిపోతాయి.

---

ఆస్టిన్_నుంచి · గురువారం, ఉదయం 8:35

ఆ 200 కిలో ఓమ్‌ల గురించి నా పాపం ఒకటి చెప్పుకోవాలి. నా మొదటి పీసీఏ9306 బోర్డులో ఎనేబుల్ పిన్ (మేడమ్ చెప్పిన గేట్) ఎనేబులే కదా అని నేరుగా 3.3కి కట్టేశాను, వీరెఫ్2 (ఆ మూడో మాస్‌ఫెట్ డ్రెయిన్) కూడా. పవర్ ఇవ్వగానే 1.8 సరఫరా లైను మీద 2.6 వోల్టులు. రెగ్యులేటర్ చెడిపోయిందని రెండుసార్లు మార్చాను. అది పాపం నిర్దోషి. కొలత కోసం పెట్టిన మూడో మాస్‌ఫెట్ బార్లా తెరుచుకుని 3.3ని 1.8లోకి పోస్తోంది. రెగ్యులేటర్ కరెంట్ ఇవ్వగలదు గానీ పీల్చుకోలేదు కదా. రెండు సెన్సార్లు పోయాక డేటాషీట్ మొదటి బొమ్మ చూశాను. ఆ రెసిస్టర్ అక్కడ పెద్దగానే గీసి ఉంది.

---

థర్డ్ఇయర్_ఈసీఈ · గురువారం, ఉదయం 9:10

చర్చని కొంచెం పక్కకి తిప్పుతున్నందుకు సారీ. మా మినీ ప్రాజెక్టులో 5 వోల్టుల అల్ట్రాసోనిక్ సెన్సార్ ఎకో పిన్‌ని ఈఎస్పీకి ఇవ్వాలి. అది ఒక్క వైపే. దానికీ మాస్‌ఫెట్ కావాలా? సీనియర్ రెండు రెసిస్టర్లు చాలన్నాడు, కానీ 100 కిలో, 200 కిలో ఇచ్చాడు.

---

కోఠి_కుర్రాడు · గురువారం, ఉదయం 9:25

రెండు రెసిస్టర్లు చాలు తమ్ముడూ, విలువలే మార్చు. పైన 1 కిలో, కింద 2 కిలో. 5 వోల్టులు 3.33 అవుతాయి. 1.7 మిల్లీ ఆంపియర్లు పోతాయి, బ్యాటరీ ప్రాజెక్టు కాకపోతే పర్వాలేదు. బ్యాటరీ అయితే 10, 20 పెట్టుకో.

100, 200 కూడా ఎకోకి నడుస్తుంది గానీ అలవాటు చేసుకోకు. ఆ రెండూ సమాంతరంగా 67 కిలో, పిన్ను, వైరు కలిపి 20 పికోఫారడ్లు అనుకుంటే 1.3 మైక్రో సెకన్ల సోమరితనం. రేపు అదే డివైడర్‌ని 921600 బాడ్ సీరియల్ మీద పెడితే ఒక బిట్ నిడివే 1.1 మైక్రో సెకన్లు. బిట్ లేచేలోపే అయిపోతుంది.

---

ఆస్టిన్_నుంచి · గురువారం, ఉదయం 9:40

డివైడర్‌తో ఇంకో జాగ్రత్త. ఈఎస్పీకి పవర్ తీసేసి సెన్సార్‌కి ఉంచకండి. పిన్నులోని రక్షణ డయోడ్ మీదుగా బోర్డు దొంగచాటుగా సగం బతుకుతుంది. రీసెట్ కాని బోర్డుల్లో చాలావాటి వెనక ఇదే ఉంటుంది.

---

బస్తీ_మేకర్ · గురువారం, మధ్యాహ్నం 1:15

అసలు షిఫ్టర్ అవసరమా అని ఎవరూ అడగలేదేం? గుండె చప్పుడు సెన్సార్లు, అదే మ్యాక్స్30100 మాడ్యూళ్లు గుర్తున్నాయా? చిప్పు 1.8ది, కానీ ఐ2సీ పిన్నులు అంతకన్నా ఎక్కువ తట్టుకుంటాయి. మాడ్యూల్ చేసినవాళ్లు పుల్-అప్‌లని 1.8కి కట్టారు, అందుకే 5 వోల్టుల ఆర్డుయినోకి హై కనబడదు. జనం చేసిందేంటంటే ఆ బుల్లి రెసిస్టర్లు పీకేసి, బయట 4.7 కిలోలు 3.3కి కట్టేశారు. ఓపెన్ డ్రెయిన్ కదా, పిన్ను తట్టుకుంటే తూమే అక్కర్లేదు. చెరువుగట్టు అన్నా, మీ సెన్సార్ డేటాషీట్‌లో ఆ పిన్నుల గరిష్ఠ వోల్టేజి ఎంతుందో చూశారా?

---

చెరువుగట్టు · గురువారం, మధ్యాహ్నం 2:00

చూశాను. సరఫరా ప్లస్ 0.3 దాటకూడదని ఉంది. అంటే 2.1. షిఫ్టర్ తప్పదు.

---

బస్తీ_మేకర్ · గురువారం, మధ్యాహ్నం 2:04

అయితే తప్పదు. అడగడం నా ధర్మం.

---

మిల్లీఓమ్ · గురువారం, రాత్రి 9:20

చెరువుగట్టు గారూ, ఉన్న ఇరవై బోర్డులకి ఒక దారి, తర్వాతి బోర్డుకి ఇంకో దారి.

ఉన్నవాటిలో మాస్‌ఫెట్‌లు పీకి అసలు బీఎస్ఎస్138 పెట్టండి. మీ కేబుల్ 1.8 వైపు ఉంది కాబట్టి ఆ వైపు పుల్-అప్ మాత్రం 2.2 కిలో చేయండి, 3.3 వైపు 10 కిలో అలాగే ఉండనివ్వండి. సెన్సార్ లాగాల్సింది 0.8, 0.33 కలిపి 1.1 మిల్లీ ఆంపియర్లు, 3కి చాలా లోపు. క్లాక్ 100 కిలోహెర్ట్జ్ దాటించకండి. సోల్డర్ చేసేటప్పుడు ముక్క తిరగబడకుండా చూసుకోండి. సోర్స్, డ్రెయిన్ తారుమారైతే డయోడ్ 3.3 వైపు నుంచి 1.8 వైపుకి పారుతుంది, 1.8 వైపు లైను పైకి లేచి మీ 2.1 హద్దు దగ్గరికి వెళ్తుంది.

తర్వాతి బోర్డులో షిఫ్టర్‌ని సెన్సార్ దగ్గరికే తీసుకెళ్లండి. కేబుల్ మీద 3.3 నడవనివ్వండి. ఏరేటర్ మోటార్లు తిరిగే చోట 1.8తో 2 మీటర్లు వెళ్లడం కోరి కష్టం తెచ్చుకోవడమే. సెన్సార్ తలలో చిన్న 1.8 రెగ్యులేటర్, పీసీఏ9306. 3.3 వైపు 2.2 కిలో, 1.8 వైపు 10 కిలో.

ఒక ప్రశ్న. డేటా, క్లాక్ రెండింటినీ ఒకే మెలికల జంటలో పంపారా?

---

చెరువుగట్టు · గురువారం, రాత్రి 9:31

పంపాను మేడమ్. ఒక జంటలో ఆ రెండూ, ఇంకో జంటలో పవర్, గ్రౌండ్. జంట అంటే జంటే కదా అనుకున్నాను.

---

పాత_స్కోపు · గురువారం, రాత్రి 9:36

విడాకులు ఇప్పించు. డేటాకి ఒక గ్రౌండ్ తోడు, క్లాక్‌కి ఇంకో గ్రౌండ్ తోడు. క్యాట్5లో నాలుగు జంటలున్నాయి, పిసినారితనం ఎందుకు?

---

చెరువుగట్టు · ఆదివారం, ఉదయం 6:10

రాత్రంతా చెరువు మీదే ఉన్నాను. శుక్ర, శనివారాల్లో 12 బోర్డులకి ముక్కలు మార్చాను. సాల్డ్రింగ్ ఐరన్‌తో మూడు కాళ్లూ ఒకేసారి కరగక రెండు ప్యాడ్లు లేచిపోయాయి, వాటికి జంపర్ వేశాను. కోఠి నుంచి తెప్పించిన రీలు మీద బీఎస్ఎస్138 అని ఉన్నా, ఒక్కో ముక్క నెత్తి చూసి మరీ పెట్టాను.

ఇవాళ తెల్లారుజామున 4:50కి, మంచులో, పెట్టె మూత తీసి పోర్టబుల్ స్కోప్‌తో కొలిచాను. ఈఎస్పీ లాగినప్పుడు 1.8 వైపు 0.07. సెన్సార్ లాగినప్పుడు 3.3 వైపు 0.11. పన్నెండూ రాత్రంతా ప్రతి నిమిషం పలికాయి, ఒక్క నిమిషం కూడా తప్పిపోలేదు. కాపలా ఉండే తాత "ఇంతసేపూ ఆ గీతలో ఏం చూస్తున్నావురా" అన్నాడు. తొమ్మిదో బిట్ అని చెప్పాను.

కొత్త సెన్సార్ తల లేఔట్ కూడా అయిపోయింది. అది నీళ్లకి ఆనేది కాబట్టి ఎపాక్సీ పోసేస్తాను, పోశాక ఇక మార్చేది లేదు. బొమ్మ కింద పెట్టాను. 200 కిలో ఓమ్‌లు, 100 పికోఫారడ్ వేశాను. ఎవరైనా ఒకసారి కళ్లు పెట్టండి.

---

ఆస్టిన్_నుంచి · ఆదివారం, ఉదయం 6:48

ఎనేబుల్, వీరెఫ్2 రెండూ ఒకే 200 కిలో కింద కలిశాయి. నాలాగా చేయలేదు, సంతోషం.

---

పాత_స్కోపు · ఆదివారం, ఉదయం 7:15

1.8 రెగ్యులేటర్ అవుట్‌పుట్ కెపాసిటర్ దగ్గర పేరు మసకగా ఉంది. అది 1 మైక్రోనా, 0.1 మైక్రోనా? జూమ్ చేసి మళ్లీ పెట్టు. అప్పటిదాకా ఎపాక్సీ కలపకు.